ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటరు) పోయిందన్నారా? పాత లారీలో అది మార్చే ముందు, మార్చేటప్పుడు ఏం చేయాలి

రెండేళ్ల కిందట ఎండాకాలంలో, ఇబ్రహీంపట్నంలో బూడిద లోడు ఎత్తుకుని హైదరాబాద్ రోడ్డెక్కిన నా టిప్పర్ నందిగామ చేరకముందే ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవట్లేదు. అరగంట చెట్టు కింద కూర్చుని వచ్చి మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. వారంలో మూడుసార్లు ఇదే వరస. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు బండి జబ్బు కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి రెండు నిమిషాలు చూసి "ఈసీఎం పోయిందన్నా, మార్చాల్సిందే" అన్నాడు. నమ్మాను. పాత సామాన్లలో దొరికిన ఈసీఎం ఒకటి వేయించి, డేటా ఎక్కించి, కూలీతో కలిపి 38 వేలు ఇచ్చాను. నాలుగో రోజు బండి మళ్లీ ఆగింది. చివరికి దొరికిన జబ్బేంటంటే, ఈసీఎంకి వెళ్లే ఎర్త్ వైరు ఛాసిస్ మీద బిగించిన బోల్టు కింద పెయింటు. బాడీ పని చేయించినప్పుడు ఎవరో బోల్టు విప్పి, రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్లీ బిగించారు. దాన్ని బాగుచేసిన గరుకు కాగితం ఖరీదు పది రూపాయలు.

అప్పట్నుంచి ఎవరైనా ఈసీఎం పోయిందంటే ముందు మీటరు తీస్తాను. నేను చూసుకునే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను, మీరూ ఆ వరస తప్పకండి, ఎందుకంటే పైసా ఖర్చులేనివి ముందు, ఖర్చయ్యేవి చివర్న ఉంటాయి.

ఏ బండ్ల గురించి

పాత ఇన్‌లైన్ పంపు బండ్లకి ఈ బాధ దాదాపు లేదు, డీజిల్ ఎంత వెళ్లాలో పంపులో ఉన్న గవర్నరే చూసుకుంటుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 పొగ ప్రమాణం వచ్చింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. ఆ మధ్య మూడేళ్లలో దిగిన 24 వోల్టుల కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి, అంటే రైలులోంచి, గట్టి ప్రెషర్‌తో డీజిల్ వెళ్లే) లారీలు, టిప్పర్ల గురించి నేను మాట్లాడుతున్నాను. ఇప్పుడవి రెండో ఓనరు, మూడో ఓనరు చేతుల్లో ఉన్నాయి, వైరింగు ముదిరిపోయింది, నాలుగు చోట్ల నల్లటేపు చుట్టుకుని ఉంటుంది.

ఈసీఎం అంటే ఒక అల్యూమినియం డబ్బా. కొన్ని బండ్లలో ఇంజను పక్కనే బ్లాక్‌కి బిగించి ఉంటుంది, కొన్నింటిలో క్యాబిన్‌లో డాష్‌బోర్డు లోపల గానీ సీటు కింద గానీ ఉంటుంది. దానికి వైర్లు తగిలించే రెండు పెద్ద కప్లర్లు, ఒక్కోదానికి తిప్పే లివరు లాకు. క్రాంక్ సెన్సర్, రైల్ ప్రెషర్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ ఇచ్చే లెక్కలు చూసుకుని ఏ ఇంజెక్టర్‌ని ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో చెప్పేది అదే. అంటే ఏ సెన్సర్ అబద్ధం చెప్పినా, కరెంటు తక్కువొచ్చినా, చూసేవాడికి ఈసీఎమ్మే పోయినట్టు కనిపిస్తుంది. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

చేతులు పెట్టే ముందు

పాత పంపు బండ్ల మీద పని నేర్చుకున్న మేస్త్రీలకి ఒక అలవాటుంది, ఏ సిలిండరు కొట్టట్లేదో చూడ్డానికి ఇంజను నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తారు. కామన్ రైల్ బండి మీద ఆ పని చచ్చినా చేయకండి, చేయనివ్వకండి. రైలులో ప్రెషర్ వందల బార్లు ఉంటుంది, లోడు మీద వెయ్యి కూడా దాటుతుంది, వెంట్రుకంత సందులోంచి వచ్చే డీజిల్ చర్మం కోసుకుని లోపలికి దిగిపోతుంది, పైకి సూదిపోటంతే కనిపించినా చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ కప్లర్లు కూడా పీకొద్దు, వాటికి ఈసీఎం పంపేది బ్యాటరీ వోల్టేజీ కాదు, లోపల పెంచి పంపుతుంది, షాక్ గట్టిగానే కొడుతుంది.

ఇంకో పాత అలవాటు, డైనమో చార్జింగ్ చేస్తోందా లేదా చూడ్డానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకడం. పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి నేరుగా ఈసీఎం మీద పడుతుంది. బాగున్న ఈసీఎంని పాడుచేయడానికి అంతకన్నా సులువైన దారి నాకు తెలీదు.

కావాల్సినవి ఎక్కువేం లేవు. ఒక మల్టీమీటరు, వెనక లైటుకి వాడే 24 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి, దానికి రెండు బారు వైర్లు, సన్నటి కుట్టుసూదులు నాలుగు, గరుకు కాగితం, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. స్కానర్ ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి, కానీ 24 వోల్టులకి పనిచేసేదే పెట్టాలి. కార్లకి వాడే చవక బ్లూటూత్ డాంగిల్ లారీలో స్కానర్ తగిలించే డయాగ్నోస్టిక్ సాకెట్లో పెడితే అదే కాలిపోవచ్చు, ఎందుకంటే సాకెట్లో 16వ పిన్నుకి నేరుగా బ్యాటరీ 24 వోల్టులు వస్తాయి.

మొదట బ్యాటరీలు

రెండు బ్యాటరీలనీ కలిపి చూసి ఊరుకోకండి, విడివిడిగా చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఒక్కోటి 12.6 దగ్గర చూపించాలి. ఒకటి 12.7, ఇంకోటి 12.1 ఉంటే మొత్తం 24.8 కనిపిస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది, బాగా లేదు. మన బండ్లలో దీనికి మామూలు కారణం టేప్‌రికార్డరు. 12 వోల్టుల మ్యూజిక్ సిస్టమ్‌కి, సెల్ చార్జర్‌కి ఒక్క బ్యాటరీ నుంచే లైను లాగుతారు, ఆ బ్యాటరీ ఎప్పుడూ ఎండిపోతూ, రెండోది ఎప్పుడూ ఓవర్ చార్జ్ అవుతూ ఉంటాయి. ఆ లైను తీసేసి కన్వర్టర్ పెట్టుకోండి.

తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని బ్యాటరీల దగ్గర వోల్టేజీ చూడండి. 18 కిందికి జారుతుంటే ఈసీఎం మాట మర్చిపోయి ముందు బ్యాటరీలు, సెల్ఫ్ కేబుళ్లు సంగతి చూడండి. స్టార్టయ్యాక 27 నుంచి 28.5 మధ్యలో ఉండాలి. ఇంజను రేస్ చేసినప్పుడు 30 దాటుతోందంటే రెగ్యులేటర్ పోయింది, అది మార్చకుండా కొత్త ఈసీఎం పెడితే దాన్నీ తినేస్తుంది.

తాళం తిప్పి చూడండి

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలగాలి. అస్సలు వెలగకపోతే ఈసీఎంకి కరెంటు అందట్లేదని మొదటి అనుమానం, బల్బు పోయి ఉండొచ్చన్నది రెండోది. స్కానర్ పెట్టండి. ఏబీఎస్, మీటరు బోర్డు మాట్లాడుతున్నాయి, ఇంజను మాత్రం పలకట్లేదు, యూ0100 అని కోడ్ వస్తోంది. దీన్ని చూసే చాలామంది ఈసీఎం చచ్చిపోయిందని తీర్పు చెప్పేస్తారు. ఆ కోడ్‌కి అర్థం ఈసీఎం పలకట్లేదని మాత్రమే, ఎందుకు పలకట్లేదో అది చెప్పదు. కరెంటు లేకపోయినా పలకదు, మాట్లాడే వైరు తెగినా పలకదు.

ఆ మాట్లాడే వైర్లు రెండు, మెలికలు తిప్పి ఉంటాయి, క్యాన్ లైన్లంటారు. బ్యాటరీ వైరు తీసేసి, డయాగ్నోస్టిక్ సాకెట్లో సాధారణంగా 6, 14 పిన్నుల మధ్య ఓంలు చూడండి. 60 దగ్గర రావాలి. రెండు చివర్లలో 120 ఓంల రెసిస్టర్లు ఒక్కోటి ఉంటాయి, అవి రెండూ కలిస్తే 60. 120 చూపిస్తే ఒక చివర లైనులో లేదు, అంటే ఎక్కడో వైరు తెగింది లేదా కప్లర్ సరిగా కూర్చోలేదు. సున్నా దగ్గర చూపిస్తే రెండు వైర్లూ ఎక్కడో ఒరుసుకుని కలిసిపోయాయి. లైను బీప్ సౌండు వస్తే చాలనుకోకండి, లెక్క చూడండి.

కోడ్‌లలో ఈసీఎంని గట్టిగా వేలెత్తి చూపించేవి కొన్నే ఉన్నాయి. పి0606 అంటే లోపలి ప్రాసెసర్, పి0601 అంటే లోపలి మెమరీ. పి0562 అంటే వోల్టేజీ తక్కువ, పి0685 అంటే మెయిన్ రిలే లైను, ఈ రెండూ బయటి జబ్బులే ఎక్కువ. పి0641, పి0651 వస్తే సెన్సర్లకి వెళ్లే 5 వోల్టుల లైను, దాని గురించి కింద చెప్తాను. పి0606 వచ్చినా ఒకసారి చెరిపేసి, బ్యాటరీ, ఎర్త్ సరిచేశాక మళ్లీ వస్తుందో లేదో చూడండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయే బండ్లలో లేనిపోని కోడ్‌లన్నీ వచ్చి కూర్చుంటాయి.

కరెంటు, ఎర్త్: అసలు పని ఇదే

ఇక్కడ తొందరపడకండి, గంట పట్టినా పట్టనివ్వండి. ముందు ఈసీఎం ఫ్యూజులు పీకి చూడండి, కళ్లతో చూసి బాగుందనుకోకుండా మీటరు పెట్టి చూడండి, ఫ్యూజు కూర్చునే కాళ్లు నల్లబడి వదులయ్యాయేమో కూడా. మెయిన్ రిలే అదే సైజు వేరే రిలేతో మార్చి చూడండి, హారన్‌దో లైట్లదో సరిపోతుంటే అదే చాలు.

తర్వాత తాళం తీసి, బ్యాటరీ వైరు తీసి, ఈసీఎం కప్లర్ విప్పి, మళ్లీ బ్యాటరీ వైరు పెట్టండి. సర్క్యూట్ డయాగ్రం చూసి ఎప్పుడూ కరెంటు ఉండే పిన్నులేవో, ఎర్త్ పిన్నులేవో తెలుసుకోండి, ఎర్త్ పిన్నులు ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. ఇప్పుడు మీటరు పక్కన పెట్టి బల్బు తీయండి.

బల్బు ఎందుకంటే, పది పోగుల వైరులో తొమ్మిది కుళ్లిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు నిండుగా 24 వోల్టులు చూపిస్తుంది, మీటరు లాగే కరెంటు ఏమంత లేదు కాబట్టి. బల్బు దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది, వైరు బలం అప్పుడు బయటపడుతుంది. బల్బు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ఒక్కో ఎర్త్ పిన్నుకి తగిలించండి. పిన్నులోకి లావుపాటి ప్రోబ్ గుచ్చొద్దు, పిన్ను నోరు సాగిపోయి రేపు అదే కొత్త జబ్బవుతుంది, ఆ పిన్నుకి సరిపడే పాత టెర్మినల్ ఒకటి వైరుకి అతికించుకుని వాడండి. నా టిప్పర్ దగ్గర జరిగింది ఇదే. బండి వేడిగా ఆగిపోయి ఉన్నప్పుడే రోడ్డు పక్కన బల్బు పెడితే, బీడీ చివర నిప్పులా ఎర్రగా మినుకుమంది, అంతే. అదే వైరు బ్యాటరీ మైనస్‌కి తగిలిస్తే భగ్గున వెలిగింది. ఎర్త్ వైరు పట్టుకుని చేత్తో వెతుక్కుంటూ పోతే ఛాసిస్ మీద ఆ పెయింటు బోల్టు దగ్గర తేలింది.

ప్లస్ పిన్నులు కూడా అలాగే చూడండి, ఈసారి బల్బు రెండో వైరు బ్యాటరీ మైనస్‌కి. మెయిన్ రిలే గుండా వచ్చే పిన్నుల్లో కప్లర్ విప్పి ఉండగా కరెంటు కనిపించకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు, చాలా బండ్లలో ఆ రిలేని లాగేది ఈసీఎమ్మే. రిలే పీకి, దాని సాకెట్లో 30, 87 కాళ్లని ఫ్యూజు ఉన్న వైరుతో కలిపి అప్పుడు బల్బు పెట్టండి. ఈ బల్బుని సెన్సర్ వైర్ల మీద, క్యాన్ లైన్ల మీద, ఈసీఎం తగిలించి ఉన్నప్పుడు దాని ఏ వైరు మీదా వాడకండి, ఇది కరెంటు, ఎర్త్ లైన్లకి మాత్రమే.

బల్బు పరీక్షలో నెగ్గాక కప్లర్ పెట్టి, వెనక రబ్బరు సందులోంచి కుట్టుసూది ఎర్త్ వైరుకి ఆనించి, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కీ సూదికీ మధ్య వోల్టేజీ చూడండి. 0.2 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే ఎర్త్ బాగా లేనట్టే. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ కూడా చూడండి, క్లచ్ పని చేసినప్పుడు విప్పి మళ్లీ పెట్టడం మర్చిపోయిన బండ్లు నేనే రెండు చూశాను.

కప్లర్ లోపలికి తొంగి చూడండి. పచ్చగా చిలుము పట్టిందా, తడి ఉందా, ఆయిలు జిడ్డు ఉందా. ఆయిలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, లీకైన సెన్సర్ నుంచి ఆయిలు వైరు లోపల పోగుల మధ్యనే పాకుతూ మీటర్ల దూరం వచ్చి ఈసీఎం కప్లర్లో తేలుతుంది. క్లీనర్ కొట్టి ఆరబెట్టి, ఆ సెన్సర్‌ని కూడా వెతికి మార్చాలి.

5 వోల్టులు, క్రాంక్, ఇంజెక్టర్లు

సెన్సర్లకి ఈసీఎం 5 వోల్టులు పంపుతుంది, ఒకే లైను మీద రెండు మూడు సెన్సర్లు ఉంటాయి. ఆ లైనులో ఒక్క సెన్సర్ లోపల షార్టయినా మిగతావన్నీ పడుకుంటాయి, ఈసీఎం పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తుంది, బండి పికప్ లేకుండా పాకుతుంది. తాళం ఆన్ చేసి ఒక సెన్సర్ కప్లర్ విప్పి దాని వైరులో 5 వస్తుందా చూడండి. రాకపోతే మీటరు అలాగే ఉంచి రైల్ సెన్సర్, బూస్ట్ సెన్సర్, ఆయిల్ ప్రెషర్ సెన్సర్, పెడల్, ఒక్కొక్కటీ పీకుతూ పోండి. ఏది పీకగానే 5 తిరిగొచ్చిందో దొంగ అదే. అన్నీ పీకినా రాలేదు, కరెంటు, ఎర్త్ బల్బు పరీక్షలో నెగ్గాయి, ఆ 5 వోల్టుల వైరు ఛాసిస్‌కి ఎక్కడా తగలట్లేదు, అప్పుడు ఈసీఎం మీద అనుమానానికి అర్థం ఉంది.

స్టార్ట్ కాని బండికి సెల్ఫ్ కొడుతూ స్కానర్లో లైవ్ డేటా చూడండి. ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ గానీ దాని వైరు గానీ. ఆర్‌పీఎం వస్తోంది, రైల్ ప్రెషర్ 200 బార్ల దగ్గరికి కూడా ఎక్కట్లేదంటే డీజిల్ వైపు వెళ్లండి, ఫిల్టరు, గాలి పట్టడం, పంపు మీద ఉండే వాల్వు, లీకయ్యే ఇంజెక్టరు. ఈసీఎం మార్చి డీజిల్ ఫిల్టర్ జబ్బు నయం చేసినవాళ్లెవరూ లేరు.

పి0201 నుంచి పి0206 వరకు వచ్చే కోడ్‌లు ఒక్కో సిలిండరు ఇంజెక్టర్ లైనువి. ఇంజను ఆపి, తాళం తీసి, కప్లర్ విప్పి, ఆ ఇంజెక్టర్ కాయిల్ ఓంలు పక్కవాటితో పోల్చండి. ఓంలో సగం కూడా ఉండదు, కాబట్టి ముందు మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తోందో అది తీసేసి లెక్కేయండి. కాయిల్‌కీ ఇంజెక్టర్ బాడీకీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. మూడు సిలిండర్లు ఒకేసారి పడిపోతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి, చాలా ఈసీఎంలలో ఇంజెక్టర్లని రెండు గుంపులు చేసి నడుపుతారు, గుంపులో ఒక ఇంజెక్టర్ షార్టయితే గుంపు మొత్తాన్నీ ఈసీఎం తనంతట తానే ఆపేసుకుంటుంది. ఒక్కోసారి ఒక్కో ఇంజెక్టర్ కప్లర్ పీకి స్టార్ట్ చేసి చూడండి, ప్రతిసారీ ఇంజను ఆపాకే.

వేడెక్కితేనే ఆగే బండి అయితే ఇంకో పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఈసీఎం డబ్బా మీద హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టండి, పెయింటు లేపే హీట్ గన్ మాత్రం వద్దు. మా అమ్మాయి డ్రయ్యర్ షెడ్డుకి పట్టుకెళ్లినందుకు ఇంట్లో నాకు పడిన చీవాట్లు వేరే సంగతి. డబ్బా వేడెక్కగానే ఇంజను తడబడి, చల్లారాక సర్దుకుంటే లోపల బోర్డు మీద అతుకు వదిలిందన్నమాట. డ్రయ్యర్‌కి ఏమీ కాకుండా కప్లర్ దగ్గర వైరింగు కదిపితే ఆగిపోతుంటే జబ్బు వైరింగులో ఉంది.

నిజంగానే పోయిందని తేలితే

కొత్తది తెచ్చే ముందు పాతదాన్ని ఏది చంపిందో తేల్చండి. మన దగ్గర మొదటి హంతకుడు వెల్డింగ్. బాడీ రేకు చిరిగిందని, డాలా కొండీ విరిగిందని బండి తీసుకెళ్లి ఆపుతాం, వెల్డర్ ఎర్త్ క్లాంపు ఎక్కడో వెనక ఛాసిస్‌కి తగిలించి ముందు అంటిస్తాడు, ఆ కరెంటు ఛాసిస్ అంతా తిరిగి ఈసీఎం ఎర్త్ గుండా కూడా వెళ్తుంది. వెల్డింగ్‌కి ముందు రెండు బ్యాటరీల వైర్లూ తీయించండి, ఈసీఎం కప్లర్లు పీకించండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపుని అతికే చోటుకి జానెడు దూరంలో పెట్టించండి. కటాఫ్ స్విచ్ తిప్పితే చాలదా అంటారు, చాలదు, అది సాధారణంగా ఒక్క వైరునే విడదీస్తుంది. రెండో హంతకుడు సర్వీసింగులో ప్రెషర్ నీళ్లు. మూడోది షార్టయిన ఇంజెక్టర్ వైరు, నాలుగోది 30 దాటిన రెగ్యులేటరు. ఇవి చూసుకోకపోతే రెండో ఈసీఎం కూడా అదే దారిలో పోతుంది.

ఇక తేవడం. మూడు దార్లున్నాయి, రిపేరు, పాతది, కొత్తది. ఒక ఇంజెక్టర్ డ్రైవరో, 5 వోల్టుల విభాగమో పోతే బోర్డు రిపేరు చేసేవాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు, మీ డేటా అలాగే ఉంటుంది కాబట్టి కుదిరితే నా ఓటు దీనికే. బోర్డు నీళ్లలో నాని కుళ్లిపోతే ఆశ వదులుకోండి.

పాతది కొంటే డబ్బా మీద స్టిక్కరు నంబరు అంకెకి అంకె కలవాలి. బాష్ డీజిల్ ఈసీఎంల నంబరు 0 281 తో మొదలవుతుంది, ఆ తర్వాతి అంకెలు కూడా అన్నీ కలవాలి, బయటికి ఒకేలా ఉందని, కప్లర్ పట్టిందని తెచ్చుకోకండి. మీ పాత ఈసీఎంలోని డేటా మొత్తం చదివి దాంట్లోకి ఎక్కించాలి, దీన్నే క్లోనింగ్ అంటారు. అలా చేస్తే ఇమ్మొబిలైజర్ తాళం, ఛాసిస్ నంబరు, ఇంజెక్టర్ కోడ్‌లు, స్పీడు లిమిటు అన్నీ మీ బండివే ఉంటాయి. క్లోన్ చేయకుండా వేస్తే ఏదో బండి స్పీడు లిమిటు మీ బండికొస్తుంది, టిప్పర్లకి రూలు ప్రకారం 60, మామూలు లారీకి 80, ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు.

క్లోనింగ్ చేసేవాడు "అన్నా, పన్లో పనిగా యాడ్‌బ్లూ తీసేద్దామా, ఈజీఆర్ ఆపేద్దామా" అని అడుగుతాడు, అడిగి తీరతాడు. ఆ రెండూ పొగలో విషం తగ్గించేవి, వద్దనండి. చట్టప్రకారం తప్పు, పైగా ఆ ఫైలు ఎవరు ఎలా మార్చారో ఎవరికీ తెలీదు, రేపు ఇంకో జబ్బొస్తే ఏ స్కానర్ చెప్పేదీ నమ్మలేరు.

కొత్తదైతే ఖాళీగా వస్తుంది, కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఛాసిస్ నంబరు ప్రకారం సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఇంజెక్టర్ల తలల మీద చెక్కి ఉండే అక్షరాలు, అంకెల కోడ్‌లు ఒక్కో సిలిండరుకీ వరసగా కొట్టాలి. ఆ కోడ్‌లు మీరే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. వరస తప్పితే ఇంజను నడుస్తుంది గానీ నత్తినత్తిగా నడుస్తుంది, పొగ వస్తుంది.

విప్పడం, బిగించడం

పాతది బతికుంటే ముందు స్కానర్‌తో కోడ్‌లు, కిలోమీటర్లు, సాఫ్ట్‌వేర్ నంబరు ఫోటోలు తీసుకోండి. తాళం తీసి కనీసం ఐదు నిమిషాలు ఆగండి. తాళం తీశాక కూడా ఈసీఎం కాసేపు మెలకువగా ఉండి లెక్కలు రాసుకుంటుంది, యాడ్‌బ్లూ పంపు పైపులో మిగిలిన ద్రవాన్ని ట్యాంకులోకి వెనక్కి లాగుతుంది, ఆ చప్పుడు వినపడుతూనే ఉంటుంది. వెంటనే కటాఫ్ తిప్పేస్తే ఆ ద్రవం పైపులోనే తెల్లగా గడ్డకడుతుంది, రోజూ అలా ఆపే డ్రైవర్లకి ఈ మాట చెప్పండి.

ఆగాక బ్యాటరీ మైనస్ తీయండి. ఛాసిస్‌ని ఒకసారి ఖాళీ చేత్తో ముట్టుకుని, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోయాక డబ్బా ముట్టుకోండి. కప్లర్ లాకు లివరు పూర్తిగా తిప్పితేనే కప్లర్ దానంతటది లేస్తుంది, స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వకండి. డబ్బా బోల్టుల కింద రబ్బరు బుష్‌లు, ఒక ఎర్త్ పట్టీ ఉంటాయి, ఏది ఎక్కడ ఉందో ఫోటో తీసుకోండి. ఎండి పగిలిన బుష్‌లు మార్చండి, అవి లేకుండా బిగిస్తే ఇంజను వణుకంతా బోర్డుకే.

డబ్బా కూర్చునే చోటు, ఎర్త్ పట్టీ కూర్చునే చోటు లోహం మెరిసేదాకా రుద్దండి. కొత్తది పెట్టి, బోల్టులు చేతి బలంతో సరిపడా బిగించండి, పానాకి పైపు తొడిగి బిగించే చోటు కాదిది. కప్లర్ నేరుగా దించి లివరు తిప్పండి, టక్కుమని కూర్చోవాలి, గట్టిగా ఉందంటే ఏదో పిన్ను వంగింది, తీసి చూడండి. వైరింగు కప్లర్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా కట్టండి, వానలో నీళ్లు వైరు వెంబడి కారి కప్లర్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

బ్యాటరీ పెట్టి, వెంటనే సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి అర నిమిషం ఉంచండి. స్కానర్ పలుకుతుందా, ఛాసిస్ నంబరు మీదేనా చూసి, పాత కోడ్‌లన్నీ చెరిపి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఖాళీ బండి పావుగంట ఐడిల్‌లో ఉంచి, తర్వాత లోడుతో ఒక ట్రిప్పు తిప్పి, మళ్లీ కోడ్‌లు చూడండి. రెండు మూడు రోజులయ్యాక ఎర్త్ బోల్టులు ఇంకోసారి పానా పెట్టి చూసుకోండి.

పాత ఈసీఎంని షెడ్డులో వదిలేసి రాకండి, "స్క్రాపే కదన్నా" అంటారు, ఇవ్వకండి. నా టిప్పర్లో ఇవాళ తిరుగుతున్నది ఆ కుర్రాడు పోయిందని చెప్పిన పాతదే. 38 వేలది పాలిథిన్ కవర్లో చుట్టి ఇంట్లో బీరువా పైన పెట్టాను.